మీసం లేపాలంటే మొకం దించాలె

ఇది ఇంతవరకు నా డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. సమాధి రాళ్ల మీద పోయినవాళ్ల ముఖాలు చెక్కుతున్నంతసేపూ నేను మాస్కు వెనక నవ్వుతూ ఉండేదాన్ని.

వాళ్లను చూసి కాదు. నల్లటి రాయిలోంచి ఒక కన్ను బయటికొచ్చి నన్ను చూడగానే నాకు సంతోషం పట్టేది కాదు, భుజాలు ఊగిపోయేవి. బయట నిలబడ్డవాళ్లు అది ఏడుపనుకునేవాళ్లు. "పాపం, పిల్లది మెత్తటి మనసు" అని ఒకామె నాకు అరటిపండ్లు ఇచ్చి కండ్లు తుడుచుకుంటూ పోయింది. కాదని చెప్పే ధైర్యం నాకెక్కడిది? ఆ రోజుల్లో నేను 'నీళ్లు కావాలి' అన్నమాట కూడా మనసులో రెండుసార్లు అనుకుని గానీ పైకి అనేదాన్ని కాదు. పండ్లు తిన్నాను. బాగున్నాయి.

నేను రిటైర్ అయ్యానంటే మా అవ్వ పడీ పడీ నవ్వుతుంది. నాకింకా ముప్పై నిండలేదు మరి. కానీ పని నుంచి దిగిపోయినవాళ్లను ఇంకేమంటారు? కరీంనగర్ నుంచి వేములవాడ పోయే రోడ్డు మీద, రాళ్ల మీద బొమ్మలు చెక్కే చిన్న షెడ్డులో పాలిటెక్నిక్ అయినప్పటి నుంచి మొన్నటిదాకా పనిచేశాను. ఇప్పుడు ఆ పనికి అమ్మాయిలు వస్తున్నారని విన్నాను. జీతం, సెలవులు వాళ్లే తెలుసుకుంటారు. ఎవరూ చెప్పనివి కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను.

వెలుగును గీయడం

మా యజమాని ఖాజా భాయ్. పెద్ద గడ్డం, పెద్ద గొంతు, చిన్న విషయానికే పరేషాన్ అయ్యే మనిషి. మొదటి రోజు ఒక విరిగిన నల్లరాయి ముక్కా, వజ్రపు మొన ఉన్న పిన్నూ చేతికిచ్చి "నా బొమ్మ తియ్యి బేటా" అని ఎదురుగా కూర్చున్నాడు.

నాకు బొమ్మలు బాగా వచ్చు. శ్రద్ధగా గీశాను. గడ్డంలో ఒక్కో వెంట్రుకా గీశాను. కనుబొమ్మలు గీశాను. ఆయన రాయి అందుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగనే ఉంది," అన్నాడు. "కని ఇది నేను గాదు. మా అబ్బాజాన్."

పాలిష్ చేసిన నల్లరాయి మీద పిన్ను తగిలిన చోటల్లా తెలుపు వస్తుంది. నేను నల్ల గడ్డాన్ని గీసి గీసి, నలభై దాటని మనిషిని ముసలాయనను చేసి పెట్టాను.

ఈ పనిలో మొట్టమొదట బోర్లా తిప్పాల్సింది మీ బుర్రనే. కాగితం తెల్లగా ఉంటుంది, దాని మీద మనం నీడ పెడతాం. రాయి ముందే చీకటి. వెలుగు ఎక్కడ పడుతుందో చూసి అక్కడి చీకటిని చుక్క చుక్కగా తీసేయాలి. జుట్టు, మీసం, కంటిపాప రాయిలో ముందే ఉన్నాయి. వాటిని మీరు చెయ్యరు. వాటి జోలికి పోరు, అంతే. ఇది అర్థమైన రోజు నేను షెడ్డు వెనక్కి పోయి, ఎవరూ లేరని చూసుకుని, రెండు గంతులు వేశాను.

ఎటు చూసినా తీసే పనే

ఆ తర్వాత నాకు పిచ్చి పట్టిందనే చెప్పాలి. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి దాచుకుని చదివే అలవాటు ముందే ఉంది. ఇప్పుడు ప్రతి పుస్తకంలో, ప్రతి దుకాణంలో ఒక్కటే వెతికేదాన్ని. ఇక్కడ పెడుతున్నారా, తీస్తున్నారా?

మా షెడ్డు ముందు నుంచి వేములవాడలో మొక్కు తీర్చుకున్నవాళ్ల బస్సులు పోయేవి. కిటికీల నిండా నున్నటి గుండ్లు ఎండకు మెరుస్తూ పోతుంటే పని ఆపి చూసేదాన్ని. తీసే పనే! నిర్మల్‌లో బొమ్మలు చేసేవాళ్లు పొనికి కర్రను చెక్కుతారు. తీసే పనే! బొగ్గుబాయి సరేసరి. కొండను లోపలి నుంచి తీస్తారు.

పక్కనే పెండ్లి కార్డులు అచ్చేసే శంకరన్న ఉండేవాడు. రంగులు పూసేది పెట్టే పని కదా అనుకునేదాన్ని. పుస్తకంలో చూస్తే అదీ తీసే పనేనట! తెల్లకాగితం తన మీద పడ్డ వెలుగంతా మనకు తిప్పి పంపుతుంది. పసుపు సిరా వేస్తే అది ఆ వెలుగులో నీలాన్ని మింగేస్తుంది. దాని మీద లేత నీలం సిరా వేస్తే అది ఎరుపును మింగేస్తుంది. ఇద్దరూ తినగా మిగిలింది ఆకుపచ్చ. ఈ సంగతి కడుపులో ఆగక, నా జీవితంలో మొదటిసారి నేనే ఒకరి దగ్గరికి పోయి మాట మొదలుపెట్టాను.

శంకరన్న అంతా విని, సిరా చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"అంటే ఇన్నేండ్ల నుంచి నేను రంగులు వేస్తలేనా?"

"లేదన్నా. వెలుగును తీసేస్తున్నవ్."

"గీ ముచ్చట కార్డులు కొట్టిచ్చుకునేటోళ్లకు చెప్పకు, తల్లీ."

శంకరన్న దుకాణం మేడ మీద దంతాల ల్యాబు ఉండేది. డాక్టర్లు పంపిన కొలతలతో పళ్ల తొడుగులు తయారుచేసేవాళ్లు. అందులో నస్రీన్ పనిచేసేది. నా ఈడుదే. నేను మాట్లాడనిదంతా కలిపి తనే మాట్లాడేది. అక్కడ సుద్దముక్కలాంటి తెల్లటి బిళ్లను యంత్రంలో పెడితే, తిరిగే సన్నటి మొన దాన్ని నాలుగు దిక్కుల నుంచి తొలుచుకుంటూ పోయి పన్నును మిగిలిస్తుంది. ఆ పన్ను నోటికి సరిపోయే దానికన్నా కొంచెం పెద్దగా ఉంటుంది. కొలిమిలో కాల్చితే ముడుచుకుని సరైన కొలతకు వస్తుంది. "తీసేటప్పుడే, రేపు నిప్పు తీసుకునేది గూడ లెక్కల పెట్టుకోవాలె," అంది నస్రీన్.

తిరిగే మొనకు ఒక బలహీనత ఉందని కూడా తనే చూపించింది. మొన గుండ్రంగా ఉంటుంది కాబట్టి అది లోపలి మూలను ఎన్నటికీ పదునుగా, కోసుగా తీయలేదు. ఎంత ఖరీదైన యంత్రమైనా అంతే, మూల గుండ్రంగానే వస్తుంది. కోసు కావాలంటే చేత్తో కత్తి పెట్టాల్సిందే. యంత్రం కొంటే పనివాళ్లు అక్కరలేదని ఎవరైనా మీతో అంటే, లోపలి మూల చూపించమనండి.

ఇంకొకటి. తీసిందంతా ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. గుండు జుట్టు బుట్టలోకి పోతుంది, కర్ర పొట్టు పొయ్యిలోకి పోతుంది. మా రాతి దుమ్ము కొంత నాలోకి పోయింది. అందుకే డాక్టరు ఇక చాలన్నాడు. నూలు మాస్కు ఉత్త బొమ్మ. దుమ్మును ఆపే అసలైన మాస్కు అడిగి తీసుకోండి. నీళ్లు పోస్తూ చెక్కండి. ఇవ్వకపోతే గొడవ పడండి. నేను పడలేదు, సిగ్గుపడ్డాను. సిగ్గు వల్ల నాకు జరిగిన నష్టం అదొక్కటే, కానీ పెద్దదే.

ఖాజా భాయ్ కొత్త మోడల్

పేర్లు చెక్కేది వేరే పద్ధతి. రాయి మీద రబ్బరు షీటు అంటించి, అందులో అక్షరాల మేరకు కోసి ఊడదీస్తాం. పైనుంచి ఇసుకను గాలితో కొడితే రబ్బరు ఉన్నచోట రాయి బతుకుతుంది, లేనిచోట లోతు పడుతుంది. సున్నా వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త. చుట్టూ గీత ఊడదీసి, మధ్యలోని చిన్న బిళ్లను అట్లనే ఉంచాలి.

భైంసా పత్తి వ్యాపారి ఇంటి నుంచి ఒక పెద్ద రాయి వచ్చింది. దాన్ని ఖాజా భాయ్ ఎవరినీ ముట్టనివ్వలేదు. ఒక చేతిలో ఫోను పట్టుకుని ఎవరితోనో వాదిస్తూ, రెండో చేత్తో బిళ్లలన్నీ కూడా ఊడదీశాడు. ఇసుక కొట్టి రబ్బరు తీస్తే సున్నాల చోట గుంటలు, పేరంతా మశూచి పోసినట్టు.

"యా అల్లా," అని రాయి పక్కనే కింద కూర్చున్నాడు.

రాయికి చెరిపే రబ్బరు లేదు. తీసింది తిరిగి పెట్టలేం. మరి తీసే పనిలో తప్పును ఎట్లా దిద్దుతారు? మంగలి ఒక చెంప గడ్డం పొరపాటున పొట్టిగా చేస్తే ఏం చేస్తాడు? రెండోది కూడా పొట్టిగా చేస్తాడు. ఖాజా భాయ్ కూడా అదే చేశాడు. పేరు ఉన్న పట్టీ మొత్తాన్ని ఆ గుంటల లోతుకు దించి, కొత్త మట్టం తీసి, దాని మీద మళ్లీ పేరు చెక్కించాడు. ఇప్పుడు పేరు ఒక పల్లపు పళ్లెంలో ఉన్నట్టుంది.

వ్యాపారి కొడుకు వచ్చి వేలితో పట్టీ అంచు తడిమి, "గిదేంది భాయ్?" అన్నాడు.

"కొత్త మోడల్," అన్నాడు ఖాజా భాయ్, రెప్ప కొట్టకుండా.

ఆ తర్వాత భైంసా వైపు నుంచి ఎవరొచ్చినా ఆ కొత్త మోడలే అడిగేవాళ్లు. ఖాజా భాయ్ మంచి యజమానా? మాస్కు విషయంలో కాదు. కానీ తప్పు చేసి, రాయిని పారేయకుండా, ఎదుటివాడి మీద పెట్టకుండా, ఇంకొంచెం తీసి దారి దొరకబట్టుకునే యజమాని దగ్గర మీరు చాలా నేర్చుకుంటారు.

పోశవ్వ వేళ్లు

ఇది నా చివరి రాయి.

మంథని దగ్గరి ఊరి నుంచి సమ్మయ్య అని ఒకాయన వచ్చాడు. గల్ఫ్‌లో పని, తండ్రి సంవత్సరికానికి సెలవు మీద వచ్చాడు. పెండ్లిలో తీసిన ఫొటో ఒకటి ఫోనులో చూపించాడు. పెద్ద నల్లటి మీసం, నోరంతా తెరిచి నవ్వుతున్న ముఖం. నవ్వే ముఖాలు మా దగ్గరికి తక్కువ వస్తాయి. ఎక్కువమంది పాస్‌పోర్టు ఫొటోలే తెస్తారు, అందరూ పోలీసు స్టేషన్‌లో నిలబడ్డట్టు ఉంటారు. ఈ నవ్వును చూసి నేను ఎంత ఎగిరిపోయానంటే అన్నం కూడా రాయి పక్కనే తిన్నాను. ముఖం బాగా వచ్చింది. సమ్మయ్య చూసి మురిసిపోయి, "రేపు మా అవ్వను తోల్కొస్త," అన్నాడు. సంవత్సరికం ఎల్లుండి.

పోశవ్వ వచ్చింది. ఆమెకు చూపు దాదాపు పోయింది. వెలుగూ నీడా తప్ప తెలియవు. కొడుకు చేయి విడిపించుకుని, రాయి ముందు కూర్చుని, రెండు చేతులూ దాని మీద పెట్టింది.

నుదుటి దగ్గర ఆగింది. "గిదేందే, గరుకు గరుకున్నది? ఈయన నుదురు అద్దం లెక్కుండె."

వెలుగు పడే చోటల్లా పిన్నుతో కొట్టి కొట్టి గరుకు చేశాను కదా. వేళ్లు కిందికి దిగాయి. ముక్కు దాటాయి. అటు ఇటు వెతికాయి. మళ్లీ వెతికాయి.

"మీసమేదే బిడ్డా?"

"ఉన్నదవ్వా. నల్లగ, మంచిగ ఉన్నది."

"నల్లగుంటే నాకేంది? నా వేళ్లకు నలుపు తెలుస్తదా?"

మీసం నేను ముట్టుకోని చోటు. పాలిష్ అట్లనే ఉంది, గాజులాగా. కంటికి అది మీసం. వేలికి అది ఏమీ లేని చోటు.

"అవ్వా, చూసెటోళ్లకు మస్తు కొడుతుంది," అన్నాడు సమ్మయ్య.

"చూసెటోళ్లు ఎప్పుడో ఒకనాడు వస్తరు. నువ్వు ఇమానం ఎక్కుతవ్. దినాం పొద్దుగాల పొలం కాడికి పోయి ఆయన పక్కన కూసునేదాన్ని నేను." ఆమె గొంతు పెరిగింది. "మూతి గొరిగిచ్చి పంపుతర్రా నా మొగున్ని? బతికినన్నాళ్లు ఒక్కనాడు గొరిగిచ్చుకోలే. తిరుపతి పోయినా మీసం తియ్యనియ్యలే!"

ఖాజా భాయ్ అప్పటికే పరేషాన్. ఇంకో నల్లరాయి షెడ్డులో లేదు. మా దగ్గర దొరికేది గోధుమరంగు చుక్కల రాయి. నల్లది లారీలో బయటి నుంచి రావాలి, రేపటి సంవత్సరికంలోపు రాదు. "అవ్వా, ఉన్నది మంచిగుంది. ఇప్పుడు గీకితే పెచ్చు లేస్తది, మొకమే పోతది. ఖాళీ రాయి పెట్టుకుంటవా?"

పోశవ్వ రాయిని వదల్లేదు. మీసం ఉండాల్సిన చోట వేళ్లు అట్లనే పెట్టుకుని కూర్చుంది.

"నేను చేస్త," అన్నారెవరో. నేనే.

ఖాజా భాయ్ నావైపు తిరిగాడు. "పెచ్చు లేస్తే?"

"లేవనియ్య భాయ్."

ఆయనకు జవాబు చెప్పింది అదే మొదటిసారి. చెప్పి, నా మాటకు నేనే భయపడి, మేడ మీదికి ఉరికాను. నస్రీన్ ఒక దవడపన్ను మీద గాట్లు తీస్తోంది. విషయం చెప్పాను.

"ఇందుల ఏముందే? పన్ను మీద గుట్టలు మేము పెడుతమా? సుట్టూ దించితే అవే లేస్తయి. మీసం లేపాలంటే మొకం దించాలె."

టిఫిన్ సంచిలో తన చిన్న మోటారునూ, వడ్లగింజంత వజ్రపు మొనలనూ పెట్టుకుని నా వెనకే దిగింది. మా గ్రైండరు ఎద్దయితే అది తేనెటీగ. నస్రీన్ సిరంజీతో నీళ్లు వదులుతుంటే, నేను చెంప మీది నుంచి మీసం అంచుకు ఏటవాలుగా దించుతూ వచ్చాను. కాలువ తవ్వినట్టు కాదు, చెంపే అక్కడికి వంగినట్టు. ఖాజా భాయ్ కాసేపు చూశాడు, చూడలేక చాయ్ తాగడానికి బయటికి పోయాడు, తాగకుండానే తిరిగొచ్చాడు.

పోశవ్వ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పురమాయిస్తోంది. మధ్యమధ్యలో వచ్చి తడిమేది.

"ఆ, ఇప్పుడు జర మొలిచింది. కని గిది ఈయనది గాదు. రెండు దిక్కులా ఒక్కతీర్గున్నది."

"ఫొటోల గట్లనే ఉందవ్వా."

"పెండ్లికి తయారైండు కదా. ఇంట్ల కుడి చేతిల ఎప్పుడు బీడి ఉండేది. ఎడమ చేత్తోనే మెలేసెటోడు. ఎడమ కొస పైకి, కుడిది కిందికి."

ఆయన ఎడమ ఏది? రాయి నావైపు చూస్తోంది కాబట్టి నాకు కుడి. తప్పు కొస తీస్తే ఇక అంతే. నేనూ నస్రీనూ ఎదురెదురుగా నిలబడి, కుడి చేతుల్లో లేని బీడీలు పట్టుకుని, ఎడమ చేతుల్తో లేని మీసాలు మెలేసి చూసుకున్నాం. ఖాజా భాయ్ "తోబా తోబా" అని మొహం తిప్పుకున్నాడు. నవ్వు ఆగలేదు. మాస్కు లేకుండా, అందరి ముందు నవ్వాను.

"ఎడమది లేపలేనవ్వా," అన్నాను. "దాని పైన నలుపు మిగల్లే, చెంప చేసేసిన. కుడిది దించుత."

"దించు. అది దించినా మెలి అదే వడుతది."

కుడి కొస పైఅంచు తీసేసరికి అది కిందికి వాలింది. వెంటనే ఎడమది పైకి లేచినట్టయింది, దాన్ని ముట్టుకోకుండానే! ఇక మిగిలింది మీసం పైపొర, ఇంకా గాజులా నున్నగా ఉంది. వెంట్రుకలు తెలియాలంటే గీతలు పెట్టాలి. గీత పెడితే తెలుపు వస్తుంది. సమ్మయ్యను అడిగాను.

"వద్దక్కా. బాపు రంగేసెటోడు. నల్లగనే ఉండె."

"పెండ్లిళ్లకు ఏసెటోడు," అంది పోశవ్వ. "ఇంట్ల సగం తెల్లగనే ఉండె. నీకు పెండ్లిళ్లలనే కనవడ్డడు."

సమ్మయ్య పెండ్లి ఫొటో ఉన్న ఫోను ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత "పెట్టుండ్రి," అన్నాడు మెల్లగా.

అన్నిటికన్నా సన్నటి మొన తీసుకుని ఒక్కో వెంట్రుకా పెట్టాను. మొదటి రోజు ఖాజా భాయ్ గడ్డంలో చేసిన పనే, ఈసారి తెలిసి చేశాను. పోశవ్వను పిలిచాను. ఆమె వచ్చి, ఈసారి రెండు చేతులూ కాదు, ఒక్క బొటనవేలు పెట్టింది. ముక్కు కింది నుంచి ఎడమకు పోయింది, పైకి ఎక్కింది. వెనక్కొచ్చింది. కుడికి పోయింది, కిందికి దిగింది. మళ్లీ ఎడమకు. నస్రీన్ చేతిలోని సిరంజీ నుంచి నీళ్లు పోశవ్వ కాలి మీద పడుతున్నా ఇద్దరికీ తెలియలేదు.

నాకు కుడి కొస దగ్గర అంచు ఒకటి ఇంకా కొంచెం కోసుగా కనిపించింది. దాన్ని మెత్తన చేద్దామని మోటారు పెట్టి వంగాను. పోశవ్వ ఆ చప్పుడు విని, అరచెయ్యి మొత్తం మీసం మీద కప్పేసింది.

"ఇగ ముట్టకు బిడ్డా. వచ్చిండు."